కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి

హత్నూర,
19 ఆగస్టు 2024.

కమలాకుమారి గారికి,
సుమిత్ర నమస్కరించి రాయునది.

మీరు నాలుగుసార్లు ఫోన్ చేశారు. చూసే ఎత్తలేదు. ఫోనులో మీరు మాట్లాడుతూ పోతారు, నేను ఊఁ కొడుతూ ఉండిపోతాను, పెట్టేశాక నా మాట నాలోనే ఉండిపోయిందని నన్ను నేనే తిట్టుకుంటాను. క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లలో చేరి అక్కాచెల్లెళ్లమని పిలుచుకున్నప్పటి నుంచీ, ముప్పై ఐదేళ్లుగా ఇదే వరస. అంగన్‌వాడీలో రోజూ రిజిస్టర్లు నింపే చెయ్యి నాది. నాకు రాయడమే నయం.

పదో తారీఖు ప్లాంటులో జరిగిన మీటింగు గురించి రాస్తున్నాను. అణు ఇంధనం తయారీలో పనిచేసిన వాళ్లు ఎన్నేళ్లు బతుకుతున్నారు, దేనితో పోతున్నారు అని సర్వే చేస్తున్నామని చెప్పి పాతవాళ్లందరినీ పిలిచారు కదా. మీ ఆయన్ని, మా బావగారిని, స్టేజీ మీద కూర్చోబెట్టారు. నన్ను చివరి వరసలో, 'దివంగతుల కుటుంబాలు' అని కాగితం అంటించిన కుర్చీల్లో. ఆ ఆఫీసరు మైకు పట్టుకుని ఏమన్నాడో మీకు గుర్తుండే ఉంటుంది. ముప్పై మూడేళ్ల సర్వీసు, యురేనియం పొడి తయారయ్యే పౌడర్ షాపులో అందరికన్నా ఎక్కువ రేడియేషన్ డోసు ఈయన కార్డులోనే ఉంది, అరవై ఐదేళ్లకు ఎలా ఉన్నారో మీరే చూడండి అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. అది భుజం మీద నుంచి జారితే మీరు లేచి వెళ్లి సర్దారు.

ఆ సర్దడం చూసి మీ మీద అసూయతో ఏడ్చాను. దాచుకునేదేముంది? నేను సర్దడానికి నా పక్కన ఒక భుజం లేదు. మా ఆయన పోయి పదకొండేళ్లయింది. భోజనాలు పెట్టారు, ప్లేటు ముట్టలేదు. మీరు నా పక్కకు వచ్చి "తినవేమే" అన్నారు, మీ నోట్లో కిళ్లీ ఉంది. లేచి వచ్చేశాను. కంది దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ముప్పావుగంట ఆగింది, ఆ ముప్పావుగంటా మిమ్మల్నే తిట్టుకున్నాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇద్దరిదీ ఒకే షాపు. బావగారు లోపల కొలిమి దగ్గర, మా ఆయన బయట తూకం దగ్గర. నిప్పు పక్కన నిలబడ్డ మనిషి నిండుగా ఉన్నాడు, గోడ అవతల కూర్చున్న మనిషి రక్తం చెడి యాభై ఏళ్లకే పోయాడు. సర్వే చేసే డాక్టరమ్మ నిహారిక ఇద్దరి కార్డులూ నాకు చూపించింది. ఛాతీ మీద పెట్టుకునే అగ్గిపెట్టెంత బ్యాడ్జి ఉండేది కదా, నేను ఇన్నాళ్లూ దాన్ని పేరు బిళ్లే అనుకున్నాను. ఎంత రేడియేషన్ తగిలిందో అదే పట్టుకుంటుందట, మూడు నెలలకోసారి చూసి కార్డులో రాసేవారట. మా ఆయన కార్డులో ఉన్నదానికి మూడింతలు బావగారి కార్డులో ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా చిన్నోడు వంశీకి అదే ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. పటాన్‌చెరు మందుల కంపెనీలో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద చేస్తున్నాడు, వాడికి ఇది పెద్ద విషయం. నేను వద్దంటే వద్దన్నాను. వాడు కార్డుల మాట పట్టుకుని కూర్చున్నాడు. "నాయినకు తగిలింది తక్వనే అమ్మా. పెద్దనాయినకు గంత తగిలినా మంచిగనే ఉన్నడు. నీది వట్టి భయం" అంటున్నాడు. వాడికి చెప్పడానికి మీ దగ్గర ఏమైనా ఉంటే రాయండి.

ఇట్లు,
సుమిత్ర


పటాన్‌చెరు,
27 ఆగస్టు 2024.

చెల్లెలు సుమిత్రకు,
కమలక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నన్ను 'మీరు' అని, 'గారు' అని రాశావు చూడు, అక్కడే గుచ్చుకుంది. క్వార్టర్లలో నా వంటింట్లో నీ వంటింట్లో ఒకే పోపు వాసన తిరిగిన రోజులు మరిచిపోయావా?

శాలువా గురించి అంతలేసి మాటలన్నావు. ఆయన ఎలా ఉన్నారో పైకి చూస్తే సరిపోతుందా? బీపీ ఉంది, షుగరు ఉంది, మోకాళ్లు పట్టేస్తాయి. ఆ రోజు స్టేజీ ఎక్కడానికి ఎంత బతిమాలించుకున్నారో నాకు తెలుసు. వచ్చాక శాలువా విప్పి కుర్చీ మీద పడేశారు, ఇప్పటికీ అక్కడే ఉంది. మనిషి మనిషికీ ఒంటితత్వం వేరు. మీ ఆయన కొమురయ్య బీడీలు కాల్చేవాడు కదా, నువ్వే ఎన్నిసార్లు నా దగ్గర చెప్పుకున్నావు.

అసూయ అంటావా, అది నీ ఒక్కదానికే ఉందనుకోకు. పెళ్లయిన పదేళ్ల వరకూ నా ఒళ్లో పిల్లలు లేరు. నువ్వు కాపురానికి వచ్చిన రెండో ఏడే శ్రావణ్‌కుమార్ పుట్టాడు, తరవాత వంశీ. మీ తీగ మీద ఆరేసిన చిన్న చిన్న జుబ్బాలు నా వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించేవి. కిటికీ మూసేసుకుని వంట చేసేదాన్ని. నువ్వు ఏమనుకున్నావు? పొగకి అనుకున్నావు. "అక్కా, కిటికీ తెరుసుకో, మసి పడతది" అనేదానివి. నీ అమాయకత్వానికి ఇంకా ఒళ్లు మండేది. అంచేత నా మీద ఏడ్చానని రాసినందుకు నాకు కోపం రాలేదు, పాత బాకీ తీరినట్టే ఉంది.

వంశీ సంగతి మీ ఇంటి విషయం, నేను చెప్పకూడదు. ఈ రోజుల్లో పర్మినెంటు ఉద్యోగం కాళ్ల దగ్గరికి వస్తే ఎవరు కాదంటారు? అయితే పౌడర్ షాపు మాత్రం వద్దని, వేరే షాపు ఏదైనా అడగమను. మా లక్ష్మీప్రసన్న దసరాకి అల్లుడితో వస్తోంది. నువ్వూ రావాలి.

నీ అక్క,
కమల


హత్నూర,
16 సెప్టెంబర్ 2024.

కమలక్కకు,

నువ్వు బాధపడ్డావని 'మీరు' తీసేశాను. కోపం మాత్రం ఉంది.

కార్డులో ఎంత ఉన్నా ఏం కాదని స్టేజీ మీద శాలువా కప్పించుకున్న ఇల్లు మీది. మరి నా కొడుకు పౌడర్ షాపుకు పోవద్దని నువ్వెందుకు రాశావు? నీ ఉత్తరంలో మిగతాదంతా పక్కన పెడితే ఆ ఒక్క మాటే నిజంగా నా కోసం రాసినట్టుంది. ఎందుకు వద్దో చెప్పు.

నిన్న ఆదివారం నిహారిక మా ఇంటికి వచ్చింది. చిన్నపిల్ల, ప్రసన్న ఈడుది. మా ఆయన ఎప్పుడు మంచం పట్టాడు, ఏ ఆస్పత్రి, బీడీలు రోజుకు ఎన్ని, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా, అన్నీ అడిగి రాసుకుంది. నేనే అడిగాను, ఈ పని వల్లే పోయాడా అని. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "ఒక్క మనిషి కార్డు జూసి గిందుకే పోయిండని ఎవ్వలూ చెప్పలేరు ఆంటీ. వేలమందివి ముప్పై నలభై ఏండ్లు చూస్తేనే చావులు జెర పెరిగినయా లేదా తెలుస్తది. అందుకే ప్రతి కార్డు నిజం కావాలె" అంది.

తరవాత ఇంకో మాట అడిగింది. తొంభై ఆరు నుంచి రెండువేల దాకా మా ఆయన కార్డు దాదాపు ఖాళీగా ఉందట. అప్పుడేమైనా లాంగ్ లీవులో ఉన్నాడా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగేళ్లలో ఒక్క పెళ్లికి కూడా తీసుకుపోలేదు, లీవెక్కడిది? పైగా ఆ నాలుగేళ్లే నాకు బాగా గుర్తు. డ్యూటీ నుంచి వచ్చి నేరుగా బయటి నల్లా కింద కూర్చునేవాడు. బనీను పిండితే చెమట కారేది. ముఖం ఎర్రగా కమిలి ఉండేది. తూకం దగ్గర ఫ్యాను ఉంటుంది కదా, ఇంత చెమటేంది అని అడిగితే ఫ్యాను ఖరాబైందన్నాడు. నాలుగేళ్లు ఫ్యాను బాగుచెయ్యలేదా అని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

నాకు ఆయన చెప్పనిది ఏదో మీ ఇంటికి తెలుసు. అది నన్ను శాలువాకన్నా ఎక్కువగా కాలుస్తోంది.

సుమిత్ర


పటాన్‌చెరు,
23 సెప్టెంబర్ 2024.

సుమిత్రకు,

పాతికేళ్ల కిందటి చెమట గురించి ఇప్పుడు నేనేం చెప్పను? ప్లాంటులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆడవాళ్లం మనకేం తెలుస్తుంది. మాట వరసకి ఒకటి రాస్తే దాన్ని పట్టుకుని లాయరులా అడుగుతున్నావు.

చూడబోతే నా భర్త బతికి ఉండటమే నీకు నేరంగా ఉంది. నీకు ఇద్దరు కొడుకులు అటొకడు ఇటొకడు ఉన్నారు, కోడలుంది, చెయ్యడానికి ఉద్యోగముంది. కూతురు అత్తారింటికి వెళ్లిపోయాక నాకున్నది ఈయన ఒక్కరే. ఈయన్ని కూడా దిష్టి పెట్టకు. నీ ఉత్తరాలు ఆయన కంట పడకుండా బియ్యం డబ్బాలో పెడుతున్నాను. ఇక ఈ సంగతి రాయొద్దు.

కమల


హత్నూర,
7 అక్టోబర్ 2024.

కమలక్కకు,

నువ్వు రాయొద్దన్నావు. ఇది వంశీ కోసం రాస్తున్నాను.

మెడికల్ అయింది, పాసయ్యాడు. వచ్చే సోమవారం, పద్నాలుగున చేరుతున్నాడు. ఏ షాపు కావాలో రాసివ్వమంటే పౌడర్ షాపు, కొలిమి పని అని రాసిచ్చాడు. అక్కడికి ఎవరూ రారట, అందుకే వెంటనే ఇచ్చేశారు. నేను మొత్తుకుంటే నా ముందు ఫోను పెట్టి స్టేజీ మీది ఫొటో చూపించాడు. "పెద్దనాయిన ఇన్నేండ్లు గా కొలిమి కాడనే నిలవడ్డడు. ఆయినెకు కానిది నాకైతదా?" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. మీ ఆయన్ని చూసి ఒప్పుకున్నాను. నీ దగ్గర ఏముందో నాకు తెలియదు. ఉంటే, ఇంకా వారం రోజులుంది.

సుమిత్ర


పటాన్‌చెరు,
11 అక్టోబర్ 2024.

సుమిత్రా,

రేపు పండగ, ఎల్లుండి ఆదివారం. పోస్టు నమ్ముకుంటే సోమవారం దాటిపోతుంది. అందుకని ఈ ఉత్తరం ఆయనే తెస్తున్నారు. నీ ఉత్తరాలన్నీ ఈ పూట బియ్యం డబ్బాలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. చదివి మళ్లీ వరసగా మడిచి పెట్టారు. "రాసివ్వు, నేను పట్టుకెళతాను" అన్నారు, అంతే. ఇంట్లోకి రానివ్వకపోయినా పరవాలేదు, ఉత్తరం మాత్రం తీసుకో. వంశీ చేత చదివించు.

తొంభై ఆరు నుంచి రెండువేల దాకా కొలిమి దగ్గర నిలబడింది కొమురయ్య. తూకం దగ్గర కూర్చున్నది మా ఆయన.

పిల్లల కోసం డాక్టరు చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఆయన పరీక్ష కాగితం చూసి డాక్టరు, వేడి దగ్గర పనా, ఆరు నెలలు దూరంగా ఉండి చూడండి అన్నాడు. ఈయన ఆఫీసరు కాళ్లావేళ్లా పడ్డారు. కొలిమికి వేరే మనిషి లేడు, కుదరదన్నాడు. అప్పుడు నేను కొమురయ్యని అడిగాను. ఈయన కాదు, నేను. నువ్వు శ్రావణ్‌ని, వంశీని తీసుకుని పుట్టింటికి వెళ్లిన వారం, మా టిఫిన్ గిన్నె తిరిగివ్వడానికి వచ్చాడు, గుమ్మంలో నిలబెట్టి అడిగాను. నీకు ఇద్దరున్నారు కదయ్యా, మీ అన్న బదులు నువ్వు లోపలికి వెళ్లు అన్నాను. ఇంత మాట నేను అన్నాను సుమిత్రా. ఇద్దరున్నారు కాబట్టి నీకేమైనా పరవాలేదు అన్నట్టే కదా అది.

మనుషులు మారితే దొరికిపోతారని బ్యాడ్జీలు కూడా మార్చుకున్నారు. లోపల తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూటు, ముఖానికి మాస్కు. ఛాతీ మీద బ్యాడ్జిలో పేరు చూసి హాజరు వేసుకునేవాళ్లు. కొమురయ్య మా ఆయన బ్యాడ్జి, కామరాజు అని పేరున్నది, పెట్టుకుని కొలిమి దగ్గరికి వెళ్లాడు. ఈయన కొమురయ్య బ్యాడ్జి పెట్టుకుని తూకం దగ్గర, కొలిమి గోడకి వీలైనంత దూరంగా జరిగి కూర్చున్నారు. ఆ బ్యాడ్జి డోసు కొలుస్తుందని ఇద్దరికీ తెలుసు. ఎప్పటికో అది ఒకరి చావుకీ ఇంకొకరి శాలువాకీ సాక్ష్యం అవుతుందని ఎవరనుకున్నారు?

ఆరు నెలలన్న మాట నాలుగేళ్లయింది. ప్రసన్న తొంభై ఎనిమిదిలో పుట్టింది. అప్పుడైనా ఆపమని నేను చెప్పాలి. చెప్పలేదు. నీకు ఇద్దరున్నారు, నాకూ ఇంకొకరు కావాలనిపించింది. నీతో సమానం కావాలనిపించింది. ఇంకొకరు పుట్టలేదు. కొలిమి దగ్గర మాత్రం ఇంకో రెండేళ్లు మీ ఆయన ఉన్నాడు.

కొమురయ్య జబ్బు పడ్డప్పుడు చెప్పాలనుకున్నాను. పోయినప్పుడు చెప్పాలనుకున్నాను. బీడీల వల్ల అని ఎవరో అంటే అవును అవును అన్నాను. నీ పక్కన కూర్చుని అన్నాను. మొన్న ఉత్తరంలో మళ్లీ రాశాను.

వంశీని పంపకు. కార్డు చూసి నమ్మవద్దను.

కమల


హత్నూర,
30 అక్టోబర్ 2024.

కమలకు,

జరిగింది రాస్తాను, ఆ తరవాత నాది.

దసరా నాడు అందరూ చేతుల్లో జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటున్న వేళ మీ ఆయన వచ్చాడు. గేటు బయటే ఆగాడు. వంశీ ఎదురుపోయి ఆకు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుని నీ కవరు ఇచ్చాడు. వాడు వాకిట్లోనే నిలబడి నాకు చదివి వినిపించాడు. చదవడం అయ్యాక మీ ఆయన్ని కొడతాడేమోనని భయపడ్డాను. వాడు కుర్చీ తెచ్చి వేశాడు. మీ ఆయన కూర్చోలేదు. "రేపు ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్లు బాబూ, రాసిచ్చేస్తాను" అన్నాడు.

తీసుకుపోయాడు. నాలుగు కాగితాలు రాసి సంతకం పెట్టాడట. ఆ నాలుగేళ్లకూ రెండు కార్డుల లెక్కలూ అటూ ఇటూ మార్చి మళ్లీ చూస్తామని, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అందరినీ అడుగుతామని నిహారిక అందట. మీ ఆయన శాలువా కూడా తీసుకుపోయి అక్కడే పెట్టేసి వచ్చాడు. వంశీ సోమవారం చేరలేదు. మందుల కంపెనీకే పోతున్నాడు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు, నిన్నటి నుంచి మాట్లాడుతున్నాడు. నా కొడుకును ఆపినందుకు నీకు దండం పెట్టాలి. పెట్టబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు నాది. నీ భర్త బతికి ఉన్నాడని ఏడ్చాను కదా, ఆ ఏడుపు పోయింది. అంతకంటే పెద్దది వచ్చింది. మా ఆయన తన ప్రాణం మీదికి తెచ్చుకున్న పని నీకు తెలుసు, నాకు తెలియదు. పదిహేడేళ్లు నా పక్కన పడుకుని ఆ మాట నాకు చెప్పలేదు. ఆస్పత్రిలో ఆఖరి నెల ఆయన నోట్లో నీళ్లు పోసింది నేను, ఆయన గుట్టు దాచింది నువ్వు. నా మొగుడిలో ఒక ముక్క నీ దగ్గర ఉండిపోయింది. పిల్ల కోసం అడిగావు, సరే. ఏ ఆడదైనా అడుగుతుందేమో. కానీ ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు? నీ మాట అంత ఎందుకు విన్నాడు? ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

నువ్వు గుమ్మంలో నిలబెట్టి అడిగినప్పుడు ఆయన ఏమన్నాడు? నీ ఉత్తరంలో నువ్వన్నదంతా రాశావు, ఆయనన్నది ఒక్క ముక్క రాయలేదు. తిప్పి చెప్పకుండా, ఆయన ఎట్లా అన్నాడో అట్లాగే రాసి పంపు. అవి నా మాటలు. తరవాత నాకు ఉత్తరం రాయకు.

సుమిత్ర


పటాన్‌చెరు,
6 నవంబర్ 2024.

సుమిత్రకు,

కావాలనే రాయలేదు. అన్నీ ఒప్పుకున్నాను కదా, ఇదొక్కటి నా దగ్గరే ఉండనీ అనుకున్నాను.

నేను అడగగానే కొమురయ్య గిన్నె కింద పెట్టాడు. నా మీద దయతో ఒప్పుకున్నాడో, వాళ్ల అన్న మీద ప్రేమతో ఒప్పుకున్నాడో నాకు తెలియదు. నువ్వు అనుమానపడ్డట్టు మాత్రం కాదు. నా ముఖం కూడా చూడలేదు. అన్నది ఇదీ:

"పోత గని వదినా, సుమిత్రకు చెప్పకుండ్రి. తెలిస్తే నన్ను పోనియ్యది, కాళ్లకడ్డం పడతది. నేనంటే ఆమెకు పాణం. నాకు గంతే, ఆమె ఏడిస్తే నేను అడుగు ముందుకెయ్యలేను."

అంత పని చేయమని అడిగితే ఆ మనిషికి ముందు నువ్వు గుర్తొచ్చావు. ఈయన నా గురించి అలా ఎవరి దగ్గరా ఎప్పుడూ అనలేదు, ఇవాళ్టి వరకూ అనలేదు. ఆ మాట విన్నాక ఏ ఆడదైనా వద్దులే అయ్యా, ఇంటికి వెళ్లు అంటుంది. అనడానికే నోరు తెరిచాను. నీ మీద పుట్టిన కుళ్లు అంతలోనే గొంతు దాకా వచ్చింది. రేపటి నుంచే వెళ్లు అన్నాను.

కమల